రాయితీ ఎవరికి? నింద ఎవరికి?

తరచూ విమానయానం చేసే నేను నాలుగు సంస్థల ధరలు పోల్చి చవకైన టికెట్టు కొంటాను. జీవితమంతా కూడబెట్టి హజ్ కమిటీ ద్వారా మక్కాకు వెళ్ళే యాత్రికునికి ఆ స్వేచ్ఛ లేదు. ఏ విమానమో, ఎంత ధరో ఇతరులే నిర్ణయిస్తారు.

ఏళ్ళ తరబడి హజ్ సబ్సిడీ సొమ్ము చేరింది విమాన సంస్థలకు. నింద పడింది ముస్లింల నెత్తిన. పదేళ్ళలో దానిని రద్దుచేసి, ఆ నిధులను ముస్లింల విద్యకు, సామాజికాభ్యున్నతికి వెచ్చించాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. గడువుకు ముందే, 2018లో, సబ్సిడీ రద్దయింది. రద్దులో చూపిన తొందర విద్యానిధుల లెక్క చెప్పడంలో ఏదీ?

మనం భిక్ష అడగడం లేదు. విమానాశ్రయానికో ధర ఎందుకో చెప్పండి. మిగిలిన సొమ్ముకు లెక్క చూపండి. అడగడం మన హక్కు.