పొలం పని కసరత్తు కాదండీ

నడుం నొప్పికి కసరత్తు చెయ్యమన్నారంటే మన ఊళ్లో నవ్వుతారు. "పొద్దస్తమానూ పొలంలో వంగి లేచేవాడికి మళ్లీ కసరత్తేటి?" అని. నేనూ అలా నవ్వినోణ్ణే.

నాట్లప్పుడు గంటలకొద్దీ ఒకే వంపు. యూరియా బస్తా ఎత్తితే ఒక్క కుదుపు. ఇందులో నడుముకి బరువే గానీ బలం ఎక్కడిది? అరిగిన ఎముక తిరిగి రాదు. కానీ పొట్ట, పిరుదు, వీపు కండలు గట్టిపడితే అవి బరువు పంచుకుంటాయి. ఫిజియోథెరపీ అంటే అసలు అదీ.

మరి మనకి అమ్ముతున్నదేటి? మద్దిలపాలెంలో ఒక చోటికి పది రోజులు తిరిగాను. బస్సు చార్జీ, పోయిన పని, ఫీజు. పడుకోబెట్టి కరెంటు పెట్టారు, నడుం లాగే మిషను వేశారు, బెల్టు అంటగట్టారు. ఇంటికెళ్లి ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు. వారం తిరక్కుండా నొప్పి మళ్లీ మొదటికొచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలం నడుం నొప్పి మీద మార్గదర్శకాలిచ్చింది. వ్యాయామం చేయించండి, నొప్పి సంగతి రోగికి అర్థమయ్యేలా చెప్పండి అంది. బెల్టు, ట్రాక్షను, ఆ కరెంటు మామూలుగా వాడొద్దంది. నేను డబ్బు కట్టినవన్నీ వద్దన్న వాటిలోనే ఉన్నాయి!

తర్వాత ఇంకో చోట ఒకమ్మాయి అరగంట కూర్చోబెట్టి నేర్పింది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం, ఒక్కో మోకాలు గుండెకి లాక్కోవడం, రోజూ నడక. మిషను లేదు. రెండు నెలలు పట్టింది. నొప్పి పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను. గట్టు మీద కూర్చుంటే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తున్నాను.

ఇంకోటి, ఊళ్లో వేయించుకునే సూదులు, రోజూ మింగే నొప్పి బిళ్ళలు. అవి కిడ్నీలకి చేటు. కిడ్నీ జబ్బంటే ఏటో, ఉద్దానం వైపు చుట్టాలున్న మనకి ఒకరు చెప్పాలా?

కాళ్లు మొద్దుబారినా, ఒంటేలు ఆగకపోయినా మాత్రం కసరత్తులంటూ కూర్చోకండి, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

గేదె కుంటితే పశువుల ఆసుపత్రి ఉంది. నడుం పట్టేసిన రైతు పట్నం బస్సెక్కాలా? వారానికి ఒక్కరోజు పీహెచ్‌సీలో ఫిజియోథెరపిస్టుని కూర్చోబెట్టమని ఈసారి గ్రామసభలో అడుగుతున్నాను. నడుం నొప్పి ఉన్నోళ్లందరూ రండి, కుర్చీలు నేనేయిస్తాను.