లెక్క అడిగేవాళ్ల లెక్క: మంగళగిరి శిక్షణ బృందం ప్రణాళిక

మంగళగిరి, తాడేపల్లి, దుగ్గిరాల చుట్టుపక్కల లంచాల మీద, దొంగ లెక్కల మీద పనిచేస్తున్న చిన్న చిన్న సంస్థలకు శిక్షణ ఇచ్చేవాళ్లం మేము. పింఛను దగ్గర, రేషను దగ్గర, ఉపాధి పనుల దగ్గర, పాస్‌పుస్తకాల దగ్గర జనం పక్కన నిలబడే కుర్రాళ్లూ ఆడవాళ్లూ మా దగ్గరికి వస్తుంటారు. సమాచార హక్కు దరఖాస్తు రాయడం వాళ్లకు మేం నేర్పనక్కర్లేదు. ఊరి స్థాయిలో రుసుము లేదని, మండలంలో 5 రూపాయలని, ఆపైన 10 అని, 30 రోజుల్లో జవాబు రావాలని వాళ్లకు కంఠతా వచ్చు. రాష్ట్ర సమాచార కమిషన్ మా ఊళ్లోనే ఉంది, డీజీపీ ఆఫీసూ ఇక్కడే ఉంది. ఫిర్యాదు ఇచ్చుకోవడానికి చోటు లేదని మంగళగిరిలో ఎవరూ అనలేరు. ఏడాది తిరిగాక "ఇంతకీ మీ వల్ల ఏం మారింది?" అని ఎవరైనా అడిగితేనే ఇబ్బంది. సమావేశాలు ఇన్ని, కరపత్రాలు ఇన్ని, హాజరు పట్టీలో సంతకాలు ఇన్ని అని చెబుతాం. ఫొటోలు చూపిస్తాం. ఈ జవాబు ఇక చెల్లదని చెప్పడానికే ఈ ప్రణాళిక.

మేం నేర్పే పనిని ఆఫీసు భాషలో ఎం అండ్ ఈ అంటారు, అంటే మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్: జరుగుతున్న పనిని కనిపెట్టడం, ఫలితాన్ని అంచనా వేయడం. ఈమధ్య చివర లెర్నింగ్ కూడా తగిలించి మెల్ అంటున్నారు. ఆ మాట వినగానే కార్యకర్తల ముఖాలు వాడిపోతాయి. వాళ్లకు తెలిసినంతలో అది డోనర్ పంపిన ఎక్సెల్ షీటు, మార్చి నెలాఖరున రాత్రంతా మేలుకుని గళ్లు నింపే శిక్ష. ఆ గళ్లు నింపడం నేర్పడానికి మేం అక్కర్లేదు. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, చూపించమని పంచాయతీని అడిగే హక్కు మనకు ఎలా ఉందో, మీ పని ఫలితం చూపించమని మనల్ని అడిగే హక్కు ఊరికి అలాగే ఉంది. ఇదే మా మొదటి సూత్రం. మిగతావన్నీ దీనికి పుట్టిన పిల్లలు.

పాఠం కోసం దేశం దాటి పోనక్కర్లేదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో జన సున్వాయిలు, అంటే బహిరంగ విచారణలు, మొదలుపెట్టింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం తన 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం ప్రారంభమైంది. ఆ ఏడాదే జిల్లాలో తనిఖీలకూ శ్రీకారం చుట్టారు. 2009లో ఇదే పనికి ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. చాలా రాష్ట్రాలు ఆ సెక్షన్‌ను కాగితం మీదే ఉంచిన రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మండలం తర్వాత మండలం తనిఖీ జరిగింది. అదేమంత చిన్న సంగతి కాదు.

ఎలా జరిగేదో కొత్తగా వచ్చినవాళ్లకు విడమరిచి చెబుతుంటాం. కూలీల ఇళ్లలోంచే చదువుకున్న పిల్లల్ని ఎంచి, శిక్షణ ఇచ్చి, సొంత ఊరు వదిలేసి వేరే ఊరికి పంపేవారు. మస్టర్లు, ఎం-బుక్కులు (పనుల కొలతల పుస్తకాలు), చెల్లింపుల వివరాలు ముందే చేతికొచ్చేవి. వాటిని పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాసి ఉంది, చేశావా, డబ్బులు ముట్టాయా అని అడిగేవారు. చెరువు గట్టు మీద టేపు పెట్టి కొలిచేవారు. తేలిందంతా గ్రామసభలో చదివి, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టేవారు. షామియానా కింద అధికారులు ఒకవైపు, కూలీలు ఒకవైపు. "ఆ వారం నేను అసలు ఊళ్లోనే లేనండీ" అని ఒకామె లేచి మైకులో చెబితే, మస్టరులో ఆమె పేరు ఎదుట ఉన్న వేలిముద్ర ఎవరిదో అక్కడికక్కడే ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చేది.

అంతవరకూ మన గొప్ప. ఆ తర్వాతి భాగం చాలామంది చెప్పరు, మేం చెబుతాం. ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006 నుంచి 2010 వరకు మన 8 జిల్లాల్లో, 300 పంచాయతీల్లో వరసగా జరిగిన తనిఖీ నివేదికలను ముందేసుకుని చదివారు. తనిఖీ మీద తనిఖీ జరిగినా మొత్తం అక్రమాలు తగ్గిన జాడ వాళ్లకు కనిపించలేదు. రూపం మాత్రం మారింది. కూలీని అడిగితే ఇట్టే బయటపడే కూలి డబ్బుల మోసం కొంత వెనక్కి తగ్గితే, సిమెంటు, ఇసుక, కంకర బిల్లుల్లో అక్రమాలు పెరిగాయి. ఎందుకంటే కూలి సంగతి కూలీకి తెలుసు, కంకర లారీలు ఎన్ని వచ్చాయో ఎవరు చూడొచ్చారు? ఇంకా బాధాకరమైంది వసూళ్ల సంగతి. తనిఖీలో తేలిన సొమ్ములో 87 శాతం తిరిగి రాలేదు. ఉద్యోగం పోవడమో, క్రిమినల్ కేసో దాకా వెళ్లిన అక్రమాలు 1 శాతం కూడా లేవు. మా కొండ మీది పానకాల స్వామి నయం, పోసిన పానకంలో సగం భక్తుడికి తిరిగి ఇస్తాడు.

ఇండోనేషియాలోనూ ఇలాంటిదే జరిగింది. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త 600కు పైగా ఊళ్లలో కొత్త రోడ్లను తవ్వించి, వాడిన రాళ్లు, ఇసుక కొలిపించాడు. ప్రభుత్వ ఆడిట్ తప్పదని ముందే చెప్పిన ఊళ్లలో మాయమైన ఖర్చు దాదాపు 8 శాతం పాయింట్లు తగ్గింది. అదే ఊళ్లలో పనులు చూసేవాళ్ల బంధువులకు కూలి పనులు దొరకడం పెరిగింది. 2007లో అచ్చయిన ఈ అధ్యయనాన్నీ మన తనిఖీల అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చదివించకుండా మేం ఏ శిక్షణా ముగించం.

కాబట్టి మా దగ్గర నేర్చుకున్న ఏ సంస్థా ‘ఇన్ని అక్రమాలు పట్టుకున్నాం’ అని సంబరపడి ఊరుకోదు. ఒక కన్నం పూడ్చాక ఇంకో కన్నం ఎక్కడ పడిందో ఆరు నెలలకోసారి వెతుకుతుంది. కూలి చెల్లింపులు చూసిన బృందం మరుసటిసారి మెటీరియల్ బిల్లులు చూడాలి, ఎం-బుక్కు చదవడం రావాలి, రోడ్డు అంచున గడ్డపార వేసి సిమెంటు మందం కొలవడం రావాలి. తేలిన సొమ్ములో ఎంత వెనక్కి వచ్చిందో, ఎవరి ఖాతాలో పడిందో తేదీతో సహా రాసుకోవాలి. పని మొదలుపెట్టక ముందు పరిస్థితి ఏమిటో, అంటే బేస్‌లైన్ ఏమిటో, రాసుకోకుండా ఏ కార్యక్రమమూ మొదలుపెట్టకూడదు. ఈ చివరి మాట ఎన్నిసార్లు చెప్పినా చాలదు. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు ప్రాజెక్టు చివర్లో బేస్‌లైన్ వెతికే సంస్థలే మన దగ్గర ఎక్కువ.

అడగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. చేనేత వాడలో ఒక ఇంట్లో గుంట మగ్గం మీద కూర్చున్న పెద్దావిడ దగ్గరికి మన కుర్రాడు ఫారం పట్టుకుని వెళ్లాడనుకోండి.

"పెద్దమ్మా, పింఛను రాయించుకోవడానికి ఎవరైనా డబ్బులడిగారా?"

"అబ్బే, ఎవరూ అడగలేదు నాయనా. మనమే టీ నీళ్లకని ఓ రెండొందలు చేతిలో పెట్టొచ్చాం."

ఫారంలో ఉన్నది ‘అవును’, ‘కాదు’ అని రెండే గళ్లు. కుర్రాడు ‘కాదు’కు టిక్కు పెడతాడు. సాయంత్రానికి ఆ వాడలో లంచం లేదని తేలుతుంది! ఇలాంటి ఫారాలను మా శిక్షణలో మొదటి పూటే చించేయిస్తాం. ఎన్నిసార్లు తిరిగారు, ఏ బల్ల నుంచి ఏ బల్లకు పంపారు, రసీదు లేకుండా ఎంత ఖర్చయింది, అదే పనికి మీ వదినగారికి ఎన్నాళ్లు పట్టింది అని అడగడం నేర్పుతాం. ఇంకో సంగతి. మగ్గం ఆగితే ఆవిడకు కూలి ఆగుతుంది. మన ప్రశ్నల కోసం ఒక మనిషి పోగొట్టుకున్న అరపూట కూడా ఖర్చే. పని వేళ దాటాకే వెళ్లాలి, వెళ్లి అరగంటలో లేవాలి.

ఆవిడ చెప్పిన ఆ రెండొందల మాటను రాసుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చామని చెప్పుకునేవాళ్లు 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలపాలి. గడువు దాటాక మన నోటుపుస్తకంలో ఆవిడ పేరు, ఇంటి నంబరు, ఇచ్చిన సొమ్ము ఉంటే ఆ పుస్తకం ఎవరి మీద సాక్ష్యమవుతుంది? అక్రమాలు బయటపెట్టేవాళ్ల రక్షణకు 2014లో చేసిన చట్టాన్ని ఇప్పటిదాకా అమలులోకి తేలేదు. అందుకని మా షరతు ఇది: సర్వే కాగితాల మీద పేర్లుండవు. పేర్లకు సంకేతాలు, ఆ సంకేతాల జాబితా వేరే చోట, ఒక్కరి చేతిలో. ముందుకొచ్చి ఫిర్యాదు ఇస్తానన్న మనిషికి ఏడు రోజుల సంగతి మొదట చెప్పాలి, తర్వాతే మిగతా మాటలు. అంకెల కోసం మనిషిని బోనులో నిలబెట్టే సంస్థతో మేం కలిసి పనిచేయం.

ఫిర్యాదుల సంఖ్య గురించి కూడా ఒక మాట. మనం పని మొదలుపెట్టాక ఫిర్యాదులు పెరిగితే ‘అవినీతి పెరిగింది’ అని పత్రికలో వస్తుంది, తగ్గితే ‘తగ్గింది’ అని సంస్థ నివేదికలో వస్తుంది. రెండూ తొందరపాటు మాటలే. జనానికి ధైర్యం వచ్చి పెరిగి ఉండొచ్చు, విసుగొచ్చి తగ్గి ఉండొచ్చు. అలాగే అర్జీ క్లోజ్ అయిందని ఫోనుకు మెసేజి వచ్చినంత మాత్రాన మేం దాన్ని పరిష్కారంగా రాయం. కార్డు చేతికొచ్చిందా, పింఛను అందిందా, మళ్లీ ఆఫీసు మెట్లు ఎక్కాల్సి వచ్చిందా అని మూడు నెలల తర్వాత ఆ మనిషినే అడిగి రాస్తాం.

ఘనత విషయంలో పొదుపు పాటిస్తాం. ఉగాండాలో 1991–95 మధ్య ప్రభుత్వం బడులకిచ్చిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడి గుమ్మం దాకా చేరేది. నిధుల వివరాలు పత్రికల్లో వేయించడం మొదలయ్యాక, 2001 నాటికి 80 శాతం పైగా చేరింది. ప్రపంచమంతా పత్రికల గొప్ప అనుకుంది. అదే కాలంలో నిధుల విడుదల పద్ధతులు మారాయని, విద్యా సంస్కరణలు కూడా వచ్చాయని తర్వాత విమర్శకులు ఎత్తిచూపారు. మన వాడలో పింఛను సక్రమంగా అందితే అందులో మన ధర్నా వాటా ఎంత, కొత్తగా వచ్చిన అధికారి వాటా ఎంత, ఇంటికే తెచ్చిచ్చే పద్ధతి వాటా ఎంత అని నిజాయితీగా రాయాలి. ‘మా వల్లే’ అన్న మాట నివేదికలో కనిపిస్తే దాని పక్కన రుజువు రాయమంటాం. లేకపోతే కొట్టేయమంటాం.

డోనర్లకు చెప్పేది సూటిగా చెబుతున్నాం. ఆరు నెలల్లో అవినీతి ఇంత శాతం తగ్గాలని లక్ష్యం పెడితే, ఆరు నెలలయ్యేసరికి అంత శాతం తగ్గినట్టు కాగితం వస్తుంది. లంచం రసీదు ఇచ్చి తీసుకునేది కాదు గనుక దాన్ని నేరుగా కొలవలేం. దాని చుట్టూ ఉన్నవాటిని, అంటే జాప్యాన్ని, తిప్పటను, తేడా వచ్చిన కొలతలను, తిరిగొచ్చిన సొమ్మును కొలవగలం. బడ్జెట్టులో ఈ పనికి డబ్బు, రెండో ఏడాది మళ్లీ వెళ్లి చూసి రావడానికి వ్యవధి ఇవ్వండి. పని చేయలేదని తేలిన పద్ధతిని దాచకుండా రాసిన సంస్థకు మరుసటేడు గ్రాంటు కోయకండి. అలా కోసిన రోజున నేర్చుకోవడం అన్న మాటకు నీళ్లొదిలినట్టే.

మాకు వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు, మా జీతాలు, మా దగ్గర నేర్చుకుని వెళ్లిన సంస్థల్లో ఎవరు ఏది నిజంగా మార్చుకున్నారు, ఎవరు పాత ఫారాలే వాడుతున్నారు అన్నది ఏటా ఒక బహిరంగ సభలో చదువుతాం. ఎవరైనా లేచి ప్రశ్న అడగొచ్చు. ఎం-బుక్కు అడిగే నోరు మా క్యాష్‌బుక్ అడిగితే మేం చిన్నబుచ్చుకోం.

ఈ సూత్రాలకు ఒప్పుకునే సంస్థలు, ఒంటరిగా అర్జీలు పట్టుకు తిరుగుతున్న కార్యకర్తలు, పదవీ విరమణ చేసిన ఆడిటర్లు, ఇంజనీర్లు మాతో కలవండి. సభ్యత్వ రుసుము లేదు. వచ్చేటప్పుడు మీ సంస్థ నిరుటి నివేదిక ఒకటి తెచ్చుకోండి. మొదటి రోజు పని దానితోనే.