ఇల్లు – వాకిలి: నీటిబాటను ఎన్నుకొనుట



చలికాలము వచ్చెననగా మా మట్టెవాడ యింట ప్రతి సంవత్సరమును వనభోజనపు మాట లేచుట వాడుక. ఈ మారు ఆ మాట కొంత పెద్దదయ్యెను. మా పెద్దబ్బాయి గాలి నింపుకొను చిన్న పడవలు రెండు సంపాదించి తెచ్చి, "అమ్మా, ఈసారి మామిడితోపులో పులిహోర తిని వచ్చుట కాదు. ఏటూరునాగారము కడ గోదావరిలో దిగి, మన తెడ్లు మనమే వేసికొనుచు భద్రాచలము వరకు పోవుదము. రాత్రులు ఇసుకతిన్నెలమీద డేరాలలో పరుందము" అనెను. మా కోడలును, పదకొండేండ్ల మనుమరాలును సంతోషముతో గంతులు వేసిరి. మాకు మాత్రము అందిన ఆజ్ఞ యొక్కటే: నాలుగు దినములకు సద్ది కట్టవలెనని.

సద్ది కట్టుటకు మేమేనాడును వెనుదీయలేదు. కాని యే పూట ఎచ్చట దిగుదురో తెలియక ఎన్ని రొట్టెలు చేయుదుము? ఎన్ని బిందెల నీరు పెట్టుదుము? అందుచేత, "ముందు దారిపటమును ఈ చాపమీద పరువుము, పిమ్మట పొయ్యి వెలిగింతుము" అంటిమి. ఆ రాత్రి భోజనములైన తరువాత ఇంటిల్లిపాదియు పటము చుట్టును కూర్చుంటిమి. ఆనాడు మేము నేర్చినది మన పాఠకురాండ్రకును ఉపకరించునని యీ నెల ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట గోదావరి. ఆ నది యందము మాకు తెలియనిది కాదు. ఆమె కోపమును తెలియనిది కాదు. భద్రాచలము కడ నీటిమట్టము 43 అడుగులకు చేరగానే మొదటి హెచ్చరిక యిత్తురు. అట్టిచోట 1986 ఆగస్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును నీరు వచ్చెను. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన వారి పడవ, నది వరదమీద ఉండగా, కచ్చులూరు కడ మునిగి ఎందరో ప్రాణములు కోల్పోయిరి. కావున వానకారున ఆ మాటే తలపరాదు. చలికాలమున వరద తగ్గును గాని రాళ్లును, ఇసుకమేటలును పైకి తేలును. పందొమ్మిదవ శతాబ్దమున కాటన్ దొరయు, హేగ్ అను ఇంజనీరును ఈ యెగువ గోదావరిని పడవల బాటగా చేయదలచిరి. దుమ్ముగూడెము కడ ఒకటి, ఇంచంపల్లి కడ మరియొకటి, అటుపైన వేరొకటి, రాతి యడ్డంకులు వారిని నిలిపెను. దుమ్ముగూడెము కడ ఆనకట్టయు కట్టిరి. తుదకు 1871లో ఆ ప్రయత్నమునే మానుకొనిరి. ధనమును, పనివాండ్రును గలవారికే అట్లయిన, ఆనకట్ట కడకు వచ్చినప్పుడు పడవను దింపి, సామాను తలకెత్తుకొని నడువవలసిన వారము మనము.

"మనలో ఒకరికి జ్వరము వచ్చినచో ఎచ్చట ఒడ్డు చేరి బండి యెక్కుదుము? వరుసగా రేవుల పేర్లు చెప్పుము నాయనా" అని యడిగితిమి. ఏటూరునాగారము, మంగపేట అని చెప్పిన తరువాత వాని వ్రేలు పటముమీద ఆగిపోయెను. ఆ దరిని రేవులు లేవని కాదు, మనకు తెలియవని. తెలియని రేవు, లేని రేవుతో సమానమే కదా.

రెండవది పాకాల. మా యింటికి ఏబది కిలోమీటర్ల చిల్లర దూరము. కాకతీయ గణపతిదేవుని కాలమున వెలసిన చెరువు. చుట్టును దట్టమైన అడవి. అయితే అది వన్యప్రాణుల రక్షితారణ్యము. 1972 నాటి చట్టము ప్రకారము అనుమతి లేక అందు ప్రవేశించి రాత్రి గడపుట నేరము. పైగా ఆ నీట మొసళ్లు గలవు. దరినుండి చూచి ఆనందింపదగిన చెరువే గాని, గాలిపడవలో పిల్లను కూర్చుండబెట్టి త్రిప్పదగినది కాదని మా కోడలే తేల్చి చెప్పెను.

మూడవది గోవిందరావుపేట దరినున్న లక్నవరము. ఇదియు కాకతీయుల నాటిదే. కొండల నడుమ నీరు, నీటి నడుమ ద్వీపములు, ద్వీపమునకు వ్రేలాడు వంతెన, పర్యాటక శాఖవారి బసలు. "ఇది అడవి యాత్రయా, అత్తవారింటి విడిదియా?" అని మా వాడు ముఖము ముడుచుకొనెను.

అప్పుడు మా అనుభవమొకటి చెప్పవలసి వచ్చెను. చాల యేండ్ల క్రిందట ఒక చెరువులో (ఊరిపేరు చెప్పము) అద్దెపడవ యెక్కి ఆవలి గట్టునకు అరగంటలో చేరితిమి. గాలి వెనుకనుండి త్రోయుటచేత ఆ సుఖము కలిగినదని మాకు తోచలేదు. మధ్యాహ్నము గాలి హెచ్చెను. తిరుగుదారిలో రెండు తెడ్లు వేసినను పడవ ముందుకు సాగదు. మూడు గంటలు పట్టెను. చంకనున్న బిడ్డ ఏడ్చి యేడ్చి సొమ్మసిల్లెను. ఆ బిడ్డ యెవరో కాదు, నేడు గోదావరికి పోవుదమన్న మా పెద్దబ్బాయియే! వాడది వినుట అదే మొదలు. కొంతసేపు మాటలాడక, పటమును తనవైపునకు త్రిప్పుకొనెను.

నీటిబాట యెన్నుకొనుటకు ఆ రాత్రి మేము కట్టుకొన్న నియమములివి. పటముమీద బద్ద పెట్టి కొలువరాదు. గట్టు వంకరలు పోవును. పూలు కట్టు దారమును గట్టు వెంబడి పరచి కొలువవలెను. సెంటీమీటరునకు అర కిలోమీటరుగా గీచిన సర్వేపటములో పదునారు సెంటీమీటర్ల దారము ఎనిమిది కిలోమీటర్లగును. క్రొత్తవారికి దినమునకు అంతకు మించిన దూరము తగదు. ఉదయము నీరు నిలుకడగా నుండగా గాలికి ఎదురుగా పోవలెను. తిరుగునపుడు అదే గాలి మనకు తోడగును. గట్టు విడిచి నడినీటికి పోరాదు. ఈత వచ్చినను రాకున్నను తేలుడు చొక్కా తొడుగక పడవ యెక్కరాదు. డేరాను ముదిచెట్ల క్రింద వేయరాదు; 2024 ఆగస్టు 31న తాడ్వాయి యడవిలో ఒక్క గాలివానకు వేల చెట్లు నేలకొరిగెను. చెరువునీటిని తెరలి కాగనిచ్చి చల్లార్చి త్రాగవలెను. పడవ యెచ్చట నడుపవచ్చునో, డేరా యెచ్చట వేయవచ్చునో అధికారులను ముందే యడుగవలెను.

ఇది పిరికితనమని తలపకుడు. కెనడాలో టొరంటోకు ఉత్తరమున, 1893లో ఏర్పడిన ఆల్గోంక్విన్ అను గొప్ప వనము గలదు. అచ్చట నీటిబాటల పటములో రాత్రి బస చేయు చోట్లును, పడవను భుజమున మోసికొని నడువవలసిన దారులును, అవి యెన్ని మీటర్లో కూడ గుర్తించియుందురు. ఆరితేరిన వారును దానిని చూచియే తమ శక్తికి తగిన బాట నేర్పరచుకొందురు. మనకు మాత్రమీ విద్య క్రొత్తదా? తంగేడు, గునుగు పూల బతుకమ్మను ఎత్తుకొని చెరువునకు పోవు స్త్రీ, ఏ మెట్టు పాచిపట్టినదో, ఏ గట్టు జారునో చూడక నీట అడుగు పెట్టునా? ఏటేట రేవు నెన్నుకొనుచున్న వారము మనమే. పటము ముందర మాత్రము మనలను కూర్చుండబెట్టరు, మనమును కూర్చుండము.

తుదకు లక్నవరమే నిశ్చయమై, రెండు రాత్రులు గడపి వచ్చితిమి. మలీద ముద్దలు, సర్వపిండి, అటుకులు, పల్లిపొడి కట్టితిమి, మిగిలినది గుప్పెడటుకులే. రెండవనాటి మధ్యాహ్నము గాలి లేచునప్పటికి గట్టుమీద అన్నము వార్చుకొనుచుంటిమి. ఉదయపు మంచులో మనుమరాలు ముందును, మేము వెనుకను కూర్చుండి తెడ్డు వేసితిమి. ఈ వయసున అది మాకు మొదటిసారి. గోదావరి వద్దని ఒక్క మాటతో త్రోసివేసియుండిన, పిల్లలు మాకు చెప్పకయే పోయియుందురు. మేము గుమ్మమున నిలిచి దారి చూచుచుందుము. పటమడిగినందువలన పడవలో చోటు దొరకెను.

గోదావరి యెచ్చటికిని పోదు. మంగపేట దిగువను ఏ రేవు కడ బండి దొరకునో మా వాడిపుడు విచారించి వ్రాసికొనుచున్నాడు. ఆ చీటీ నిండిననాడు మరల పటము పరతుము. మీ యూరి చెరువున గాలి యే వేళ లేచునో, ఏ రేవు మేలో మాకు వ్రాయుడు. మరియొక నెల ముచ్చటింతము.