జెడ్డా... జీనా?

సంక్రాంతికి చేసిన సకినాలు కెనడాలో ఉన్న అక్క కూతురికి పంపుదామని ఫోనులో అడ్రసు రాసుకుంటున్నాను. ఆరేళ్ల మనవడు ఫోను లాక్కుని "నేను చెప్తా అమ్మమ్మా" అన్నాడు. అక్కడి పిన్‌కోడులో మూడు అక్షరాలు, మూడు అంకెలు కలిసి ఉంటాయి. వాడు "జీ" అన్నాడు, నేను ఏబీసీడీల్లో ఏడో అక్షరం రాసేశాను. తీరా వాళ్లమ్మకు చదివి వినిపిస్తే తేలింది, వాడు చెప్పింది ఆఖరి అక్షరం, మన జెడ్!

"కెనడావాళ్లూ మనలాగే జెడ్ అంటారు చిన్నమ్మా. జీ అనేది అమెరికావాళ్లు. వీడు టీవీలో ఆ ఏబీసీడీ పాట విని నేర్చుకున్నాడు" అంది. పాటలో 'వీ'కి ప్రాస కుదరాలంటే 'జీ'యే కావాలి మరి! అక్కడ చాలామంది పిల్లలు చిన్నప్పుడు జీ అన్నా, పెద్దయ్యాక జెడ్‌కి మారతారట.

మా నిడమనూరులో చిన్నప్పుడు మేము 'ఇజెడ్' అనేవాళ్లం. నా పిల్లలు నవ్వితే సిగ్గుపడి మానుకున్నాను. ఇంగ్లీషులోనే దానికి 'ఇజర్డ్' అనే పాత పేరొకటి ఉందని ఈమధ్యే తెలిసింది. అంతెందుకు, మనం చూసే జీ తెలుగు పేరులో మొదట ఉన్నదీ ఆ జెడ్డే కదా!

అందుకే, ఎవరి పలుకు విన్నా నవ్వకండి. అడ్రసు మాత్రం నోటిమాటగా కాక రాసి పంపమనండి. కుదరకపోతే "గోట్‌లో జీనా, జూలో జెడ్డా?" అని అడగండి. నేను అలా అడిగి దిద్దుకోబట్టే సకినాలు సరైన ఇంటికి చేరాయి.