యోబు మిత్రులు ఎక్కడ తప్పారు?

పొగ త్రాగని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సరని చెప్పినప్పుడు, తరచుగా వినవచ్చే మాట "నేనేం పాపం చేశాను డాక్టరుగారూ?" అన్నదే. బైబిలులో యోబు ప్రశ్న కూడ అదే. ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న అతని చెంత ముగ్గురు మిత్రులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాటాడక కూర్చున్నారు. నా దృష్టిలో వారు చేసిన వైద్యం అంతవరకే. నోరు విప్పగానే ఎలీఫజు, బిల్దదు, జోఫరు అతనిలో దోషం వెదకసాగారు. చివరకు, 42వ అధ్యాయంలో, దేవుని కోపం రగిలినది మొరపెట్టిన యోబుపై కాదు, ఈ మిత్రులపైననే.

ప్రార్థన ఫలించలేదని కుంగిన రోగితో "నీ విశ్వాసం చాలలేదు" అనేవారు (ఉత్తపుణ్యానికి "ముందే రావలసింది" అనే మా వైద్యులు కూడ) ఆ అధ్యాయం చదవాలి. యోబు తాను పుట్టిన దినమునే శపించాడు. ఏడ్చే రోగిని ఏడవనివ్వండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేక, దేనిపైనా మనసు నిలవకుంటే, ప్రార్థన చేస్తూనే మానసిక వైద్యునికి చూపించండి.