కొండ రైలు ఊరివారి కోసం ఆగరాదా?

బ్రిటన్‌లోని కొన్ని చిన్న స్టేషన్లలో ప్రయాణికుడు చెయ్యెత్తితేనే రైలు ఆగుతుంది. ఆంగ్ల వార్తా సంస్థలు వీటిని ‘రిక్వెస్ట్ స్టాప్’ అని వ్యవహరిస్తాయి. ఆ మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడల్లా మా కలం కాస్త తటపటాయిస్తుంది. పల్లె బస్సుకు చెయ్యెత్తడం మనం ఎరుగుదుము గాని, రైలుకు చెయ్యెత్తడం ఎరుగము. కాలపట్టికలో ఉంటేనే మన రైలు ఆగుతుంది.

కల్కా-సిమ్లా మార్గంలోని కనోహ్ వంటి స్టేషన్ల విషయంలోనైనా ఈ నియమాన్ని సడలించరాదా? 1903లో ప్రారంభమైన ఈ నారోగేజి మార్గం పొడవు సుమారు 96 కిలోమీటర్లు. నేడు వినియోగంలో ఉన్న సొరంగాలు 102; వంతెనలు 800 పైచిలుకు. కనోహ్ చేరువన నాలుగు అంతస్తులుగా లేచిన రాతి కమానుల వంతెన పర్యాటకుల కెమెరాలకు సుపరిచితమే. శివాలిక్ డీలక్స్ వంటి బండ్లు మాత్రం అక్కడి మనుషుల కోసం ఆగవు.

ఆపితే కాలహరణమన్నది అధికారుల వాదన కావచ్చు. గంటకు పాతిక కిలోమీటర్లకు అటూ ఇటుగా నడిచే బండికి రెండు నిమిషాలు భారమనడం విడ్డూరం. పైగా ఇది ఒంటి లైను. ఎదురుబండికి దారి ఇచ్చేందుకు ఏదో ఒక చిన్న స్టేషన్‌లో నిలవడం తప్పదు. నిలిచిన బండి తలుపు ఊరివారికి తెరవడానికి అదనపు వ్యయమేమీ లేదు. ఆదాయం చాలదన్న వాదన మరీ విచిత్రం. బండ్లు ఆపకుండా టికెట్లు అమ్ముడుపోలేదనడం ఏ లెక్క?

2008లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కేవలం ఇంజనీరింగ్ ప్రతిభను లెక్కించలేదు. కొండ రైళ్లు ఆ ప్రాంతాల సామాజిక, ఆర్థికాభివృద్ధిపై చూపిన ప్రభావాన్ని కూడా పరిగణించింది. స్థానికుడు ఎక్కని రైలుకు ఆ రెండో అర్హత ఎంతకాలం నిలుస్తుంది?

2023 ఆగస్టులో సమ్మర్‌హిల్ వద్ద కొండచరియలు విరిగి, కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైల్వేశాఖ వాటిని మళ్లీ నిలబెట్టి, అక్టోబరు నాటికి సిమ్లా దాకా రాకపోకలను పునరుద్ధరించింది. అభినందనీయమే. అయితే ఆ వ్యయం ప్రజాధనం. అందులో కొండపల్లెల వారి వాటా కూడా ఉన్నది.

పగటివేళనైనా చెయ్యెత్తిన చోట ఆపే పద్ధతిని ఒక ఏడాది ప్రయోగించి చూడవచ్చు. ఆపినంత మాత్రాన చాలదు. ప్రతి బండికీ రిజర్వేషన్ లేని పెట్టె ఒకటైనా తగిలించాలి. డీలక్స్ బండ్లలో ప్రస్తుతం అదీ లేదు.