మన పెద్దలకు మనమే సాక్షులము

ప్రతి సంవత్సరము గణతంత్ర దినమునకును, స్వాతంత్ర్య దినమునకును ప్రభుత్వ సత్కారముల పట్టికలు పత్రికలలో వెలువడుచుండును. పద్మ పురస్కారములు ఢిల్లీ నుండియు, రాష్ట్ర పురస్కారములు చెన్నపట్టణము నుండియు ప్రకటింపబడును. ఆ పట్టిక చేతి కందగానే మనవారు మొదట వెదకునది మన సీమవారి పేరేదైన గలదా యని. హోసూరు, డెంకణీకోట, శూలగిరి, వేపనపల్లి ప్రాంతములలో తరతరములుగా కాపురముండి తెలుగు పలుకు వారి పేరు అందు కనబడుట అరుదు. కనబడనప్పుడు రెండు మాటలు వినవచ్చుచుండును. “మనము అల్పసంఖ్యాకులము, మనల నెవరు తలతురు?” అనునది మొదటిది. “మనలో అంతటివా రెవరున్నారు?” అనునది రెండవది. ఈ రెండును సరికావని మా యభిప్రాయము. మనవారి పేరును మనమే వ్రాసి పంపకపోవుట అన్ని లోపములలోను పెద్ద లోపము.

సత్కారమనగా నేమో ముందు తెలిసికొనవలెను. ఆంగ్లేయుల నాళ్లలో రావు బహద్దరు, దివాను బహద్దరు మున్నగు బిరుదు లుండెడివి. అవి పేరుతో కలిసి మనుష్యుని పదిమందిలో వేరుపరచెడివి. స్వతంత్ర భారత రాజ్యాంగపు 18వ అధికరణము, సైనిక విద్యా విషయకములగు గౌరవములు తప్ప, ప్రభుత్వము ఏ బిరుదును ఒసంగరాదని శాసించినది. 1954లో భారతరత్న, పద్మ పురస్కారములు ఏర్పడగా, ఇవియు బిరుదులే కదా యను ఆక్షేపణ పుట్టినది. 1977లో జనతా ప్రభుత్వము వానిని నిలిపివైచినది. 1980లో అవి మరల ఆరంభమైనవి. తుదకు 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇవి బిరుదులు కావనియు, గ్రహీతలు తమ పేరునకు ముందు గాని వెనుక గాని వీనిని చేర్చుకొనరాదనియు తీర్పు చెప్పినది. కావున నేటి సత్కారము హోదా కాదు. “ఇతడు మా నడుమ నుండి మాకు మేలు చేసినాడు” అని సమాజము పలుకు సాక్ష్యము. సాక్ష్యమునకు కన్నులార చూచినవారు కావలెను. మన గ్రామములందలి సేవను చూచినవారము మనమే.

గౌరవము ఈ నేలకు క్రొత్త కాదు. 1954లో తొలిసారి భారతరత్న పొందిన మువ్వురిలో రాజాజీ ఒకరు. వారు 1878లో మన హోసూరు చెంతనున్న తొరపల్లిలో జన్మించిరి. రెండవవారగు సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో తెలుగు కుటుంబమున పుట్టినవారు. ఆ తిరుత్తణియు 1960లో సరిహద్దుల సవరణతో ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. అయితే వారు దేశమంతయు ఎరిగిన మహనీయులు. వారిని గుర్తించుటకు ఎవ్వరి సిఫారసును అక్కరలేదు. ఒక ఊరికి మాత్రమే తెలిసిన మంచివారిని గూర్చియే మా చింత.

ఇచట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. తమిళనాడు ప్రభుత్వము తెలుగువారికి తలుపులు మూసినదనుట సత్యము కాదు. గాయకుడు యస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకు 1981లోనే కలైమామణి పురస్కారము లభించినది. విజయనగరపు ఆడపడుచు పి. సుశీలగారికి 2024లో కలైజ్ఞర్ స్మారక కలైత్తురై విత్తగర్ పురస్కారము నొసంగిరి. తెలుగు రైతు కుటుంబమున పుట్టి తమిళమున వ్రాసిన కి. రాజనారాయణన్ 2021లో కన్నుమూయగా ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపించిరి. వరి దిగుబడిలో మిన్నయైన రైతునకు గణతంత్ర దినమున నిచ్చు పురస్కారము, కోయంబత్తూరు సీమ రైతు నాయకుడు నారాయణస్వామి నాయుడు పేరుననే వెలసినది. వీరందరును పుట్టుకచేత తెలుగువారు. అయినను ఒక భేదమును గమనింపవలెను. వీరి కృషి తమిళ జనులయెదుట తమిళమునను సాగినది. కనుక సాక్షులు కోట్లకొలది యుండిరి. మారుమూల గ్రామమున తెలుగు బిడ్డలకు తెలుగు చదువు చెప్పినవానికి చెన్నపట్టణమున సాక్షి యెవడు?

పొరుగు రాష్ట్రములను చూడుడు. కర్ణాటక ప్రభుత్వము 1966 నుండి నవంబరు 1వ తేదీన రాజ్యోత్సవ పురస్కారముల నిచ్చుచున్నది. రాష్ట్రమునకు అది ఎన్నవ యేడో అందరిని ఎంచు పద్ధతిని ఇటీవల పాటించుచు, 2023లో 68 మందిని, 2024లో 69 మందిని సత్కరించినది. రాష్ట్రము వెలుపల నున్న కన్నడిగులను సైతము ఆ పట్టికలో చేర్చుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉగాదినాడు కళారత్న పురస్కారముల నిచ్చు సంప్రదాయమును ఏర్పరచినది. అయినను సరిహద్దుకు ఈవల నున్న తెలుగువాడు ఆ చూపునకు ఆనుట అరుదు. చెన్నపట్టణమునకు మనము దూరపువారము. అమరావతికి పరాయి రాష్ట్రపువారము. పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న సామెత మనపట్ల రెండు పెరళ్లలోను నిజమగుచున్నది.

దూరదేశమందలి ఒక పద్ధతి ఇచట తలపదగినది. కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియా యను రాష్ట్రము 1989లో తన నివాసులకై ఒక గౌరవమును స్థాపించినది. ఆ రాష్ట్రమున నివసించుచున్నవారిని గాని, నివసించినవారిని గాని ఎవరైనను సూచింపవచ్చును. ఎన్నిక చేయు మండలికి రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షుడు. ఎన్నికైన ప్రజాప్రతినిధులు పదవిలో నున్నంతకాలము దానికి అర్హులు కారు. అచట అడుగు ప్రశ్న “నీ భాష యేది?” అని కాదు, “ఇచట నివసించి ఏమి చేసితివి?” అని. మన దేశమునందును పద్మ పురస్కారములకు 2016 నుండి ఏ పౌరుడైనను ఇంటర్నెట్ ద్వారా పేరు పంపుటకు వీలు కల్పింపబడినది. చేసిన సేవను 800 మాటలకు మించకుండ వివరించిన చాలును. ఆ 800 మాటలు వ్రాయు ఓపిక మనకు లేకపోయెనా?

వ్రాయదగినవారు మనకు లేకపోలేదు. 2006 నాటి చట్టము తమిళమును పాఠశాలలలో విధిభాషగా చేసిన పిదప, తెలుగు తరగతులు సన్నగిల్లుచుండగా, జీతమునకు మించి శ్రమించి పిల్లలను నిలుపుకొన్న ఉపాధ్యాయులు గలరు. భారత రామాయణ కథలను వీధినాటకములుగా ఆడించుచు, నిరక్షరాస్యులకు సైతము పద్యములు నోటికి నేర్పిన గురువులు గలరు. నాట్ల పాటలు, పెండ్లి పాటలు వందలకొలది కంఠస్థముగా గల ముదుసలులు గలరు. వారితోడ ఆ పాటలును వెడలిపోవుచున్నవి. చెరువు పూడిక తీయించినవారు, పురుళ్లు పోసి పైసా ముట్టనివారు ఎన్ని యూళ్లలో లేరు? వీరి పేర్లు ఏ పుస్తకమునను లేవు. మరి యొక తరము గడచిన, వీరుండిరని చెప్పువారును ఉండరు.

కావున రెండు సూచనలు చేయుచున్నాము. మొదటిది జిల్లా యధికారులకు. 2004లో కృష్ణగిరి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. జాతీయ పర్వదినములందు కలెక్టరుగారు ఉద్యోగులకు ప్రశంసాపత్రముల నిచ్చుట అందరమును ఎరుగుదుము. ఆ వేదికపైననే ఏటేట కొందరు సామాన్య నివాసులకు, భాషాభేదము లేకుండ, జిల్లా పౌర సత్కార మొసంగవలెను. దానికి ధనము అక్కరలేదు. ఒక శాలువయు, సేవను వివరించు నాలుగు వాక్యములును చాలును.

రెండవది మన సంఘమునకు. ప్రతి గ్రామమునుండి అర్హుల పేర్లు సేకరించి, వారు చేసిన పనిని సాక్ష్యములతో ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. అందుండి ఏటేట కొన్నిటిని జిల్లాకు, రాష్ట్రమునకు, ఢిల్లీకి పంపవలెను. సంఘపు కార్యవర్గములో నున్నవారి పేర్లు, వారు పదవిలో నున్నంతకాలము, పంపరాదు. కులము చూడరాదు, చందా చూడరాదు. మన యూరికి మేలు చేసినవాడు తమిళుడైనను, కన్నడిగుడైనను, ఉర్దూ పలుకువాడైనను వాని పేరును పంపవలెను. ఇతరుల మంచిని మనము చాటినప్పుడే మన మంచిని ఇతరులు విందురు.

“నిజమైన సేవకుడు సన్మానము కోరడు, ఈ ప్రయాసమేల?” అని కొంద రందురు. కోరడనుట నిజమే. కోరనివానికొరకే పదిమంది నోరు విప్పవలసి యున్నది. కోరువారు తమ పేరు తామే పంపుకొనుచున్నారు. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదందురు. శాలువ ఒక దినమున మడతపడును. కాని “మా యూరిలో తెలుగు చెప్పిన అయ్యవారిని జిల్లా గౌరవించినది” అని విన్న బాలుడు తన భాషనుగూర్చి తలవంచుకొనడు. ఆ బాలుని కొరకైనను పాఠకులు తమ గ్రామమున నొక పేరును తలచి, ఈ వారమే సంఘమునకు వ్రాయుదురు గాక.